నేలలోని తీగ ముసలిదైతే?

స్తంభం మీది కరెంటు తీగకు ఏదైనా జరిగితే మనకు వెంటనే తెలిసిపోతుంది. తీగ సాగి కిందికి వేలాడుతుంది. చెట్టు కొమ్మ తగిలితే నిప్పురవ్వలు రాలతాయి. గాలివానకు తెగిపడితే దారిన పోయేవారు చూసి లైన్‌మన్‌కు కబురు చేస్తారు. కాని అదే తీగ నేలలో మీటరు లోతున ఉంటే? దాని మీదుగా మనం నడుస్తాం. లారీలు పోతాయి. వానాకాలంలో నీరు నిలుస్తుంది. లోపల తీగ ఏళ్ల తరబడి ముసలిదవుతూ ఉంటుంది. ఒకనాటి రాత్రి హఠాత్తుగా వీధి వీధంతా చీకటి అవుతుంది.

నేలలోని తీగ ఎలా ముసలిదవుతుంది? ఆ సంగతి పైనున్న మనకు ఎలా తెలుస్తుంది? దాన్ని మార్చవలసి వచ్చినప్పుడు ఆ వీధిలో నివసించేవారిని ఎందుకు అడగాలి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వెతుకుదాం. మూడోది విజ్ఞానశాస్త్రానికి చెందిన ప్రశ్న కాదని మీకు అనిపించవచ్చు. చివరిదాకా చదివి అప్పుడు చెప్పండి.

మన ఊళ్ల సంగతి

రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్, చేవెళ్ల రెండూ బీజాపూర్ రోడ్డు మీది ఊళ్లు. నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీలు. 2025లో పురపాలికలు అయ్యాయి. చుట్టూ కూరగాయల మడులు, పూలతోటలు, బోరుబావులు ఉన్నాయి. వాటి పక్కనే కొత్త కాలనీలు లేస్తున్నాయి. ఇక్కడ కరెంటు సరఫరా చేసేది తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. పొలాల వైపు చూస్తే కరెంటు ఇంకా ఎక్కువగా స్తంభాల మీదనే నడుస్తున్నది. నగరం పెరిగిన కొద్దీ తీగలను నేలలోకి దింపాలన్న కోరికా పెరుగుతుంది.

ఆ కోరికకు కారణం లేకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వేలాది స్తంభాలు కూలి నగరం చీకటిలో మునిగింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సహాయంతో అక్కడ భూగర్భ కేబుళ్లు వేశారు. 2025 ఆగస్టులో హైదరాబాదులోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు చనిపోయారు. ఇలాంటి వార్త చదివినప్పుడు, తీగలన్నీ నేలలో పాతిపెడితే పీడ పోతుంది గదా అనిపిస్తుంది.

పాతిపెట్టడం మంచిదే. కాని పాతిపెట్టినంత మాత్రాన పని అయిపోదు. నేలలో ఉన్నా తీగకు ఆయుష్షు ఉంటుంది. ఈనాడు వేసిన కేబుల్‌ను 30, 40 ఏళ్లకు మార్చవలసి వస్తుంది. ఇప్పుడు మీరు తొమ్మిదో తరగతిలో ఉంటే, అప్పటికి మీ వయస్సు ఎంతో లెక్క వేసుకోండి. ఆ తవ్వకం మీ ఇంటి ముందే జరుగుతుంది.

కేబుల్ లోపల ఏముంది?

స్తంభం మీది తీగకు తొడుగు ఉండదు. చుట్టూ ఉన్న గాలే దానికి విద్యుద్బంధకం. గాలి చెడిపోదు, అరిగిపోదు. కరెంటు తీగలో పుట్టిన వేడిని కూడా గాలే తీసుకుపోతుంది. అంటే గాలి మనకు పైసా ఖర్చు లేకుండా రెండు పనులు చేసిపెడుతున్నది.

నేలలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. తడి మట్టి కరెంటును ఎంతో కొంత పోనిస్తుంది. అందుకే కేబుల్‌కు పొర మీద పొర వేస్తారు. అన్నిటికంటే లోపల అల్యూమినియం లేక రాగి తీగల కట్ట. దాని చుట్టూ బంధక పొర. ఆ పైన రాగి రేకు. దాని మీద ఉక్కు తీగలతో గానీ ఉక్కు పట్టీతో గానీ కవచం. అన్నిటికీ పైన ప్లాస్టిక్ తొడుగు.

వీటిలో ప్రాణం వంటిది బంధక పొర. పూర్వం నూనెలో నానబెట్టిన కాగితాన్ని వందల చుట్లు చుట్టి, పైన సీసపు గొట్టం తొడిగేవారు. 1960ల నుంచి ఆ స్థానంలోకి ఎక్స్‌ఎల్‌పీఈ అనే కొత్త పదార్థం వచ్చింది. అది పాలీథీనే, మన సంచులలో వాడే జాతిదే. అయితే మామూలు పాలీథీన్‌లో అణువుల పొడవాటి గొలుసులు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా ఉంటాయి. వేడి తగిలితే జారిపోతాయి. ఇందులో ఆ గొలుసులను అక్కడక్కడ అడ్డంగా ముడివేస్తారు. నవారు మంచంలో పట్టీలను నిలువుగా, అడ్డంగా అల్లితే మంచం బిగువుగా నిలిచినట్లే ఇదీ నిలుస్తుంది. ఎప్పుడూ 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్నా పనిచేస్తుంది. ఇళ్లలో వాడే పీవీసీ తొడుగు తీగకు ఆ హద్దు 70 డిగ్రీలే.

11 వేల ఓల్టుల కేబుల్‌ను సుమారు 90 సెంటీమీటర్ల లోతున, ఇసుక పరిచి, దాని మీద ఉంచుతారు. పైన మళ్లీ ఇసుక పోసి ఇటుకలు గానీ పలకలు గానీ పేరుస్తారు. ఆ ఇటుకలు ఎందుకో ఊహించగలరా? రేపు ఎవరైనా అక్కడ గడ్డపార వేస్తే అది ముందు ఇటుకకు తగలాలి. తవ్వేవాడు ఆగి, కింద ఏదో ఉన్నదని గ్రహించాలి.

ముసలితనం ఎలా వస్తుంది?

మొదటి శత్రువు వేడి. పదో తరగతి పాఠం గుర్తు తెచ్చుకోండి: తీగలో పుట్టే ఉష్ణం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక కేబుల్‌లోని ఒక్కొక్క తీగ నిరోధం కిలోమీటరుకు 0.2 ఓం అనుకుందాం. అందులో 200 ఆంపియర్ల కరెంటు పోతే కిలోమీటరుకు 200 × 200 × 0.2, అంటే 8,000 వాట్ల వేడి పుడుతుంది. మీటరుకు 8 వాట్లు. మూడు తీగలకు కలిపి 24 వాట్లు.

ఇప్పుడు ఆ వీధిలో కొత్త ఇళ్లు వచ్చి, ఏసీలు పెరిగి, కరెంటు 300 ఆంపియర్లు అయిందనుకోండి. కరెంటు ఒకటిన్నర రెట్లే పెరిగింది. వేడి మాత్రం రెండుంపావు రెట్లు పెరుగుతుంది. మీటరుకు 54 వాట్లు. వంద మీటర్ల కేబుల్‌లో 5,400 వాట్లు. వెయ్యి వాట్ల హీటర్లు ఐదింటిని వీధి కింద పాతిపెట్టి రాత్రింబవళ్లు వెలిగించినట్లే! బంధక పదార్థాల విషయంలో ఇంజనీర్లకు ఒక మోటు లెక్క ఉన్నది. ఉండవలసిన హద్దు దాటి వేడి 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది.

రెండో శత్రువు నీరు. ఎక్స్‌ఎల్‌పీఈలోకి తేమ చేరి, పక్కన అధిక ఓల్టేజీ కూడా ఉంటే, కొన్నేళ్లలో ఆ పొరలో అతి సన్నని దారులు పుడతాయి. అవి కొమ్మలు, రెమ్మలు వేస్తూ పెరుగుతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చెట్టులా కనిపిస్తాయి. వీటికి ఇంజనీర్లు పెట్టిన పేరు కూడా నీటి చెట్లే. శాస్త్రజ్ఞులు వీటిని 1960ల చివర గుర్తించారు. నీటి చెట్టు ఎదుగుతున్నన్నాళ్లూ కరెంటు మామూలుగానే వస్తూ ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. అది బాగా ఎదిగాక ఒకనాడు బంధకం పగిలి కేబుల్ కాలిపోతుంది.

మూడో శత్రువు అతుకు. రెండు కేబుల్ ముక్కలను కలిపిన చోట పొరలన్నిటినీ చేతితో తిరిగి కట్టాలి. అక్కడ కొంచెం దుమ్ము, కొంచెం చెమట చేరినా చాలు, బలహీనత మిగిలిపోతుంది. మన ప్రాంతంలో ఎర్ర చెలకలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉన్నది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు పడుతుంది. అలా ఏటేటా నేల కదిలితే అతుకు లాగబడుతుంది.

నాలుగో శత్రువు గడ్డపార. నీటి పైపు కోసమో, మురుగు కాలువ కోసమో తవ్వేటప్పుడు కేబుల్ తొడుగుకు చిన్న గాటు పడుతుంది. ఆ క్షణంలో ఏమీ కాదు. మట్టి కప్పేస్తారు. ఆ గాటులోంచి నీరు చేరి, నీటి చెట్టు పెరిగి, ఐదారేళ్ల తర్వాత కేబుల్ పేలుతుంది. అప్పటికి తవ్వినవారు ఎవరో, ఏనాడు తవ్వారో ఏ కాగితంలోనూ ఉండదు.

ఆక్లాండ్ నగరంలో ఏం జరిగింది?

ముసలి కేబుళ్లు ఎంత పని చేయగలవో 1998లో న్యూజిలాండ్ దేశం చూసింది. అక్కడి పెద్ద నగరం ఆక్లాండ్. దాని నడిబొడ్డుకు 1 లక్షా 10 వేల ఓల్టుల భూగర్భ కేబుళ్లు నాలుగు కరెంటు తెచ్చేవి. భూగోళంలో ఆ దేశం దక్షిణార్ధంలో ఉన్నది గనుక అక్కడ జనవరి, ఫిబ్రవరి నెలలు వేసవికాలం. ఆ ఏడు ఎండలు మెండుగా ఉండి నేల బాగా ఎండిపోయింది.

నేలకూ కేబుల్‌కూ సంబంధం ఏమిటంటారా? తడి మట్టి వేడిని త్వరగా లాగుకుంటుంది. ఎండిన మట్టి కణాల మధ్య గాలి చేరుతుంది, గాలి ఉష్ణాన్ని సరిగా పోనివ్వదు. అంటే ఎండిన నేల కేబుల్‌కు కంబళి కప్పినట్లు అవుతుంది. ఎండలకు వాడకమేమో పెరిగింది, వేడి పోయే దారేమో తగ్గింది. జనవరి చివర ఒక పాత కేబుల్ చెడింది. ఫిబ్రవరిలో రెండోది చెడింది. వాటి భారం మిగిలిన రెండింటి మీద పడి, అవి కూడా చెడ్డాయి. నగరం నడిబొడ్డు దాదాపు ఐదు వారాలు సరైన కరెంటు లేక అవస్థ పడింది. దుకాణాలు, కార్యాలయాలు మూతపడ్డాయి. మేడల మీద కాపురమున్నవారు ఇళ్లు విడిచిపోవలసి వచ్చింది.

దీన్నిబట్టి కేబుల్ కాలిపోయేదాకా ఆగి మార్చడం చాలా ఖరీదైన పద్ధతి అని తెలుస్తున్నది గదా! ముందుగానే పరీక్షించాలి, ముందుగానే మార్చాలి. ముందుగా చేసే పనిలో మరో లాభం ఉన్నది. జనాన్ని అడగడానికి తీరిక దొరుకుతుంది. చీకటిలో, హడావిడిలో ఎవరినీ అడగలేం.

ప్రతిధ్వనితో జాడ తీయడం

తవ్వకుండానే కేబుల్ ఆరోగ్యం తెలుసుకునే పరీక్షలు ఉన్నాయి. మెగ్గర్ అనే పరికరంతో బంధకపు నిరోధం కొలుస్తారు. మరో పరీక్షలో బంధకం ఎంత శక్తిని వేడిగా వృథా చేస్తున్నదో చూస్తారు. నీటి చెట్లు పెరిగిన కొద్దీ ఈ వృథా పెరుగుతుంది. చంటిపిల్లల బరువును నెలనెలా కార్డు మీద రాసినట్లు, ఈ కొలతలను ఏటేటా రాసి పోల్చుకుంటే కేబుల్ ఎంత త్వరగా ముసలిదవుతున్నదో తెలుస్తుంది.

ఇక చెడిపోయిన చోటు పట్టుకోవడం ఎలా? కొండ ముందు నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది గదా! అదే కిటుకు. కేబుల్ ఒక కొసనుంచి లోపలికి చిన్న విద్యుత్ తరంగాన్ని పంపుతారు. తెగిన చోటో, కాలిన చోటో తగిలి అది వెనక్కి వస్తుంది. ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌లో ఈ తరంగం సెకనుకు సుమారు 17 కోట్ల మీటర్ల వేగంతో పోతుంది. అంటే సెకనులో పది లక్షల వంతు కాలానికి 170 మీటర్లు. తరంగం తిరిగి రావడానికి అలాంటి వంతులు 10 పట్టాయనుకోండి. అది తిరిగిన దూరం 1,700 మీటర్లు. పోయిన దూరం అందులో సగం. కాబట్టి చెడిన చోటు 850 మీటర్ల దూరంలో ఉన్నది!

ఇంట్లో మీరూ చేసి చూడండి. పొడవాటి తాడు ఒక కొసను కిటికీ ఊచకు గట్టిగా కట్టి, రెండో కొసను చేత పట్టుకొని ఒక్కసారి పైకి విదిలించండి. తాడులో ఒక మూపురం బయలుదేరి, ఊచ దాకా పోయి, తలకిందులై తిరిగి వస్తుంది. ఇప్పుడు ఊచకు ఒక సన్నని దారం కట్టి, తాడు కొసను ఆ దారానికి కట్టి మళ్లీ విదిలించండి. ఈసారి మూపురం తలకిందులు కాకుండానే తిరిగి వస్తుంది. కేబుల్‌లోనూ ఇంతే. తరంగం తలకిందులై వచ్చిందా లేదా అన్నదాన్నిబట్టి తీగ మరో దానికి తగిలి షార్టు అయిందో, లేక తెగిపోయిందో ఇంజనీరు చెప్పగలడు.

యంత్రం చెప్పలేనిది

ఇప్పుడు ఒక కాలనీని ఊహించుకుందాం. యంత్రం 850 మీటర్లు అని చెప్పింది. అయితే అది కేబుల్ వెంబడి 850 మీటర్లు. కేబుల్ వీధిలో తిన్నగానే పోయిందా? పాత పటంలో గీత తిన్నగా ఉన్నది. కాని వేసేనాడు దారిలో పెద్ద బండ అడ్డం వచ్చి చుట్టు తిప్పి ఉండవచ్చు. అతుకుల దగ్గర కొంత కేబుల్‌ను చుట్టలా వదిలి ఉండవచ్చు. అప్పుడు 850 మీటర్ల గుర్తు బడి గేటు దగ్గర పడుతుందా, కిరాణా దుకాణం ముందు పడుతుందా?

ఇంజనీర్లు కేబుల్‌లోకి అధిక ఓల్టేజీ దెబ్బలు పంపి, నేల మీద చెవి వంటి పరికరం పెట్టి ‘ధబ్’ అనే చప్పుడు వింటారు. దానితో చోటు దొరుకుతుంది. కాని ఏ వంద మీటర్లలో వెతకాలన్నది ముందు తెలియాలి. అప్పుడు ఆ కిరాణా దుకాణం పెద్దమ్మ, “నాలుగేండ్ల కింద నల్లా పైపు కోసం ఈడనే తవ్విన్రు. అప్పటిసంది వానొస్తె నీళ్లు ఇక్కడనే ఆగుతున్నయి” అంటుంది. ఒక్క మాటలో రెండు వాస్తవాలు చెప్పింది చూడండి. తవ్వకం జరిగింది, నీరు నిలుస్తున్నది. గాటుకూ నీటి చెట్టుకూ కావలసినవి ఆ రెండే!

ఆ మాట ఏ పరికరంలోనూ దొరకదు. ఏ చెలకలో నీరు ఇంకుతుందో, ఏ రేగడిలో నెర్రెలు పడతాయో, ఏ వాగు ఏ ఏడు పొంగిందో, ఏ వేళకు వీధిలో దీపాలు మసకబారుతాయో అక్కడ బతికేవారికి తెలుసు. అది కూడా పరిశీలనే. మనం ప్రయోగశాలలో నోటుపుస్తకంలో రాస్తాం. వారు జ్ఞాపకంలో ఉంచుకుంటారు. అంతే తేడా. కాబట్టి జనాన్ని అడగడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ సమాచారం లేకుండా వేసిన లెక్క అసంపూర్ణం.

తెలియజేయడం వేరు, అడగడం వేరు

“రేపు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు కరెంటు ఉండదు. రోడ్డు తవ్వుతాం.” ఇది తెలియజేయడం. అవసరమే. కాని ఇది అడగడం కాదు. నిర్ణయం ఇంకా అటో ఇటో కాకముందు, రెండు మూడు దారులను జనం ముందు పెట్టి, ఒక్కొక్కదాని లాభనష్టాలు చెప్పి, వారి మాట విని, ఆ మాటకు జవాబు ఇస్తే దాన్ని అడగడం అంటారు.

ముసలి కేబుల్ విషయంలో దారులు ఏమిటి? చెడిన చోట మాత్రమే కోసి అతుకు వేయవచ్చు. ఖర్చు తక్కువ, కాని అతుకు ఒకటి పెరుగుతుంది. చెడిన భాగాన్ని మొత్తం మార్చవచ్చు. పాత గుంటలోనే కొత్త కేబుల్ వేయవచ్చు. లేక కొత్త దారిలో ముందు ప్లాస్టిక్ గొట్టాలు పాతి, వాటిలోంచి కేబుల్‌ను లాగవచ్చు. ఇందులో ఇప్పుడు ఖర్చు ఎక్కువ, రేపు మళ్లీ రోడ్డంతా తవ్వే బాధ తక్కువ. నేల కింద అడ్డంగా తొలిచే యంత్రంతో రోడ్డును పగలగొట్టకుండా కూడా గొట్టం దూర్చవచ్చు. ఏ దారి పట్టినా భూగర్భ కేబుల్ ఖర్చు స్తంభాల లైను కంటే చాలా రెట్లు ఎక్కువ. ఆ ఖర్చు చివరికి కరెంటు బిల్లులోనో, పన్నులోనో జనం దగ్గరికే వస్తుంది.

ఇక వేళ సంగతి. పూలతోటలో మోటారు ఆగితే రైతుకు నష్టం. పాల శీతల కేంద్రం ఆగితే పాలు విరుగుతాయి. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగి ఉంటే గంటసేపు ఆగినా ప్రమాదం. పరీక్షల నెలలో తవ్వితే మీకు ఇబ్బంది. ఈ నలుగురి అవసరాలూ ఒకే రోజున కుదరవు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడితే ఏ రోజు ఎవరికి తక్కువ కష్టమో తేలుతుంది.

మరొక మాట. కొందరు, “ఓటు పెట్టి తేల్చుకుంటే పోలేదా?” అంటారు. బంధకపు నిరోధం ఎంత ఉన్నదో చేతులెత్తి తేల్చలేం. ఊరంతా కేబుల్ బాగున్నదని తీర్మానించినా నీటి చెట్టు పెరగడం ఆగదు. కొలవడం ఇంజనీరు పని. ఆ కొలతను దాచకుండా జనం ముందు పెట్టడం సంస్థ పని. కొలిచాక ఎప్పుడు, ఎటువైపు, ఎవరి ఖర్చుతో అన్నది మాత్రం జనం మాట లేకుండా తేల్చరాదు.

మర్రిచెట్లు చెప్పే సంగతి

ఈ విషయం చేవెళ్ల, మొయినాబాద్ వారికి కొత్త కాదు. పోలీసు అకాడమీ దగ్గరి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా దాదాపు 900 పాత మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డును వెడల్పు చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ చెట్ల మాట ఏమిటన్న ప్రశ్న లేచింది. ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్ల తరబడి వాదం సాగింది. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటనే నిలిపేలా నమూనా సవరించడంతో 2025లో పనికి దారి ఏర్పడింది.

ఆ 2025లోనే నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద ఇదే రోడ్డు మీద టిప్పరు లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని కనీసం 19 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇరుకు రోడ్డు మీద రోజూ ప్రయాణించేవారు రోడ్డు వెడల్పు కావాలని ఎందుకు కోరారో దీన్నిబట్టి అర్థమవుతుంది. నీడనిచ్చే మర్రిని నిలపమన్నవారిదీ తప్పు కాదు. బస్సులో పోయే బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలని కోరినవారిదీ తప్పు కాదు. ఇద్దరి మాటా మొదటే విని, చెట్లను మొదటే లెక్కించి, గీత గీయకముందే దారి వెతికితే ఎంత కాలం కలిసివచ్చేదో ఆలోచించండి.

రోడ్డు మారితే స్తంభాలూ, తీగలూ మారతాయి. తీగలను నేలలోకి దింపాలంటే గుంట తవ్వాలి. మీటరు లోతు గుంట మర్రివేళ్ల మీదుగా పోతే చెట్టు పైకి నిలిచినట్లే ఉండి లోపల దెబ్బ తింటుంది. గుంటను చెట్టుకు ఎంత దూరంగా తవ్వాలి, వేళ్ల కింద ఎక్కడ అడ్డంగా తొలవాలి అన్నవి పని మొదలు పెట్టకముందే తేల్చుకోవలసిన ప్రశ్నలు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 2003 విద్యుత్ చట్టం అమలులో ఉన్నది. దాని 67వ సెక్షన్ పంపిణీ సంస్థకు వీధులు తవ్వే అధికారం ఇస్తున్నది. అదే సెక్షన్, వీలైనంత తక్కువ నష్టం, తక్కువ అసౌకర్యం కలిగేలా పనిచేయాలనీ, నష్టం కలిగితే పూర్తి పరిహారం ఇవ్వాలనీ కూడా చెబుతున్నది. ఒకరి సొంత భూమిలో లైను వేయాలంటే ముందుగా ఆ యజమాని గానీ, అనుభవంలో ఉన్నవారు గానీ సమ్మతించాలని 2006 నాటి నియమాలు అంటున్నాయి.

ఖర్చు విషయంలో మరో ద్వారం ఉన్నది. కరెంటు చార్జీలను పంపిణీ సంస్థ తనంతట తాను నిర్ణయించదు. విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి కమిషన్ 1999లో ఏర్పడింది. రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో తెలంగాణకు వేరుగా ఒకటి వచ్చింది. చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం సంస్థ తన ప్రతిపాదనను ప్రకటించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. అందుకోసం బహిరంగ విచారణ జరుగుతుంది. రైతు గానీ, గృహిణి గానీ, చిన్న కార్ఖానా యజమాని గానీ వెళ్లి మాట్లాడవచ్చు. ఎవరు ఏమన్నారు, సంస్థ ఏం జవాబిచ్చింది, కమిషన్ ఏమనుకున్నది అన్నవి ఉత్తర్వులో వరుసగా ముద్రిస్తారు. వీధిలో జరిగే చిన్న సమావేశానికి కూడా ఈ పద్ధతి మంచి నమూనా. అడిగిన ప్రతి మాటకూ రాతపూర్వకంగా జవాబు ఉండాలి. “కుదరదు” అన్నా సరే, ఎందుకు కుదరదో చెప్పాలి.

మీరు ఏం చేయవచ్చు?

మీ తరగతి వారంతా కలిసి మీ వీధి పటం గీయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ ఉన్నది, స్తంభాలు ఎన్ని, పెద్ద చెట్లు ఏవి, వానకు నీరు ఎక్కడ నిలుస్తుంది అన్నవి గుర్తులు పెట్టండి. ఇంటింటికీ వెళ్లి పెద్దవారిని అడగండి: ఇక్కడ ఎప్పుడు తవ్వారు? ఎందుకు తవ్వారు? కింద ఏం వేశారు? వారు చెప్పిన ఏడాదిని పటం మీద రాయండి. ఇద్దరు వేర్వేరుగా చెబితే రెండూ రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. నమ్మకం లేని కొలతను దాచకుండా రాయడం కూడా శాస్త్ర పద్ధతే. అయితే ఒక్క జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మర్ కంచె దాటవద్దు. తీగను, కేబుల్ పెట్టెను ముట్టవద్దు. ఎక్కడా తవ్వి చూడవద్దు. తెగిన తీగ గానీ, నేలపైకి తేలిన కేబుల్ గానీ కనిపిస్తే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయించండి.

ఆ పటం ఒక నకలును పురపాలిక కార్యాలయంలో, ఒకటి కరెంటు ఆఫీసులో ఇవ్వమని మీ ఉపాధ్యాయుడిని కోరండి. మరొకటి బడిలో ఉంచండి. రేపు మీ వీధిలో కొత్త కేబుల్ వేస్తే, గుంట పూడ్చకముందే అది గోడకు ఎన్ని అడుగుల దూరంలో, ఎంత లోతున ఉన్నదో అడిగి అందులో చేర్చండి. ఏ తేదీన వేశారో రాయండి.

నలభై ఏళ్ల తర్వాత ఆ కేబుల్ ముసలిదవుతుంది. అప్పటి ఇంజనీరు తన యంత్రంలో ఒక అంకె చూసి, ఎక్కడ తవ్వాలా అని ఆలోచిస్తాడు. ఆ బడిలోనే ఎవరో ఒక పిల్ల పాత బీరువా తెరిచి మీ పటం తెచ్చి ఇస్తుంది.